పిల్లలూ - పాఠ్యపుస్తకంలో సాహిత్యమూ



పదో తరగతి చదివే పిల్లలున్న ఇంట్లో పరీక్షల ముందు రోజులు ఎలా గడుస్తాయో మీకు నేను చెప్పనక్కరలేదు. లెక్కలూ, సైన్సూ, ఇంగ్లీషూ అన్నీ అయిన తరువాత, నిద్రకి కళ్ళు మూతలు పడుతున్న వేళ తెలుగు పుస్తకం బయటికొస్తుంది. పిల్లవాడు ప్రతిపదార్థం ఎక్కాల్లాగా అప్పజెబుతుంటాడు. మనం వంటింట్లోంచి వింటూ, "ఆఁ, వచ్చేసింది, ఇక పడుకో" అంటాం. వచ్చింది నిజమే. కాని ఏమిటి వచ్చింది? ఆ పద్యంలో ఎవరు ఎవరితో ఏమంటున్నారు, ఎందుకంటున్నారు అని అడిగితే, పిల్లవాడు మన మొహంకేసి వింతగా చూస్తాడు. "అది అడగరమ్మా" అంటాడు!

ఇందులో పిల్లల తప్పు ఉందని నేననను. పరీక్షలో ఏది అడుగుతారో అది నేర్చుకోవడం వాళ్ళ వయసుకి తెలివైన పనే. కాని ఒక్క విషయం మనం ఆలోచించాలి. మన రాష్ట్రాల్లో పదో తరగతి గట్టెక్కిన పిల్లల్లో చాలామంది ఇంటర్మీడియెట్‌లో రెండో భాషగా సంస్కృతం తీసుకుంటున్నారు. ఆ భాష మీద మమకారంతో కాదు, మార్కులు బాగా వస్తాయని. అంటే పదో తరగతి వాచకమే వాళ్ళు చదివే ఆఖరి తెలుగు సాహిత్యం అన్నమాట. ఆ తరువాత ఇంజినీరింగు, ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. పదిహేనో ఏట పుస్తకం మూసేటప్పుడు "హమ్మయ్య, పీడ వదిలింది" అనుకున్నవాడు ముప్ఫయ్యో ఏట మళ్ళీ దాన్ని తెరుస్తాడా? కాబట్టి ఆ రెండు మూడేళ్ళలో బడిలో ఏం జరుగుతుందన్నది చిన్న విషయం కాదు.

నేను చాలా ఏళ్ళు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పినదాన్ని. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు. ఈ వయసులో పిల్లల మనసు వింతగా మారుతుంది. అయిదో తరగతి పిల్లవాడికి కథ చెబితే "తరువాత ఏమైంది?" అని అడుగుతాడు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అదే పిల్లవాడు "వాడలా ఎందుకు చేశాడు?" అంటాడు. మంచివాడు కూడా చెడ్డపని చెయ్యవచ్చునని, పెద్దవాళ్ళు కూడా పొరబడతారని అప్పుడప్పుడే వాడికి తెలుస్తూ ఉంటుంది. ఇంట్లో మనతో వాదన పెట్టుకునేది కూడా సరిగ్గా ఈ వయసులోనే కదా! ఆ వాదించే బుద్ధే సాహిత్యానికి పెట్టుబడి. దాన్ని బడిలో వాడుకుంటే పాఠం వస్తుంది. "నోరు ముయ్యి, రాసుకో" అంటే నోట్సు వస్తుంది.

ఒక పాఠం తీసుకుని చెబుతాను. 2014 ప్రాంతంలో వచ్చిన పదో తరగతి తెలుగు వాచకంలో "భిక్ష" అనే పాఠం పెట్టారు. శ్రీనాథుడి కాశీఖండంలోనిది. మీ ఇళ్ళలో పెద్దపిల్లలు చదివే ఉంటారు. వ్యాసమహర్షి కాశీలో శిష్యులతో ఉంటూ భిక్షాటన చేసుకుని బ్రతుకుతుంటాడు. శివుడు ఆయన్ని పరీక్షించదలచి ఒకనాడు ఎక్కడా భిక్ష పుట్టకుండా చేస్తాడు. ఒక ఇల్లాలు ఇంకా వండుతున్నామంటుంది. ఒకావిడ మళ్ళీ రమ్మంటుంది. ఒకావిడ ఈ రోజు మా ఇంట్లో దేవకార్యం ఉందంటుంది. ఇంకొకావిడ అసలు తలుపే తీయదు. మర్నాడూ అంతే. ఆకలికి తాళలేక అంతటి మహర్షీ కాశీ నగరాన్నే శపించబోతాడు. అప్పుడు ఒక ఇంటి వాకిట్లో ఒక మామూలు గృహిణి రూపంలో అమ్మవారు కనబడి, ఆయన్ని పిలిచి, మందలించి, భోజనానికి రమ్మంటుంది.

దీన్ని రెండు రకాలుగా చెప్పవచ్చు. మొదటిది మనందరికీ తెలిసినదే. మాస్టారు పద్యం చదువుతారు, పదాలు విడగొడతారు, బోర్డు మీద అర్థాలు రాస్తారు, "కోపం పనికిరాదని ఈ పాఠం వల్ల తెలుస్తున్నది" అని ముగిస్తారు. నలభై నిమిషాలు. గంట కొడతారు. పిల్లలు ఇంకో పుస్తకం తీస్తారు.

రెండోది కొంచెం ఆలస్యంగా నడుస్తుంది. పద్యం మొదలుపెట్టకముందే నేను పిల్లల్ని ఒక మాట అడిగేదాన్ని. "మీకు బాగా ఆకలి వేసినప్పుడు ఇంట్లో ఎలా ఉంటారు?" అని. క్లాసంతా ఒక్కసారి నవ్వేది. స్కూలు బ్యాగు విసిరికొట్టేవాళ్ళు, చెల్లెలి మీద అరిచేవాళ్ళు, తలుపు ధడాలున వేసేవాళ్ళు, అన్నీ బయటికొచ్చేవి. ఒక పిల్ల లేచి, "మా నాన్నగారు కూడా అంతే టీచర్" అంది! సరే, ఇంతా అయిన తరువాత వ్యాసుడి దగ్గరికి వెడితే, ఆయన గడ్డం పెంచుకున్న బొమ్మలో మహర్షిలాగా కాక, రెండు రోజులు పస్తున్న మనిషిలాగా కనబడతాడు. మహాభారతం చెప్పిన మహానుభావుడికీ ఆకలి ఆకలేనని వాళ్ళకి ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలుస్తుంది.

ఇక ఆ తల్లి మందలించే పద్యం ఉంది. అందులో ఒక ఎత్తిపొడుపు ఉంది. ఆమె ఆయన శాంతాన్ని మెచ్చుకుంటున్నట్టే మాట్లాడుతుంది. గుప్పెడు ధాన్యంతో, ఆకులలములతో, కందమూలాలతో కాలం గడుపుకునే తపస్వులున్నారు, వాళ్ళకంటె నువ్వు తెలివైనవాడివా అని అడుగుతుంది. ఈ సంగతి గైడులో తాత్పర్యం చదివితే తెలియదు. అక్కడ "శాంతస్వభావుడవు" అన్న అర్థమే ఉంటుంది. అక్షరాలా తీసుకుంటే ఆమె పొగుడుతున్నట్టే! పైకి చదివితేనే ఆ గొంతు వినబడుతుంది. నేనెప్పుడూ ఈ పద్యం ఆడపిల్లల చేత చదివించేదాన్ని. మొదటిసారి అప్పజెప్పినట్టు చదివేవారు. "మీ అమ్మ మిమ్మల్ని పరీక్ష పోయినప్పుడు 'చాలా బాగా చదివావమ్మా' అంటుంది చూడు, అలా చదువు" అంటే, రెండోసారి చదివేసరికి క్లాసులో వెనక బెంచీ వాళ్ళతో సహా అందరికీ అర్థమయ్యేది. ఒక్క పదానికి కూడా అర్థం చెప్పకముందే!

అర్థాలు తరువాత చెప్పాను, చెప్పాలి కూడా. ప్రతిపదార్థం వద్దని నేను అనడం లేదు. శ్రీనాథుడి సమాసాలు విడగొట్టకుండా ఎవరికీ అర్థం కావు, నాకూ కావు. కాని మనిషి కనబడిన తరువాత మాట విడగొడితే పిల్లలు తమంతట తామే అడుగుతారు. ముందే విడగొడితే చిల్లరనాణాల్లాగా చేతిలో పోసినట్టుంటుంది, దేనికి ఖర్చు పెట్టాలో తెలియదు.

ఆ తల్లి తరువాత ఏమంటుందో కూడా చెప్పాలి. బాగా అలసిపోయి ఉన్నావు, ముందు భోంచెయ్యి, తిని కూర్చున్న తరువాత నీతో కొన్ని మాటలు మాట్లాడతానంటుంది. ఆకలితో ఉన్నవాడికి ఉపన్యాసం ఎక్కదని ఆమెకి తెలుసు. గృహిణులం మనకీ తెలుసు. పదిహేనేళ్ళ పిల్లవాడికి ఇది తట్టిందంటే వాడు శ్రీనాథుణ్ణి చదివాడన్నమాటే. ఒక ఏడు నా క్లాసులో ఒక కుర్రవాడు, "శివుడు కావాలనే అన్నం పెట్టకుండా చేసి, కోపం వచ్చిందని తప్పు పట్టడం న్యాయమా?" అని లేచి అడిగాడు. ఆ రోజు గంట కొట్టినా ఎవరూ కదలలేదు. కొందరు శివుడి పక్షం, కొందరు వ్యాసుడి పక్షం. ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పలేదు. చెప్పకూడదు కూడా. పెద్దపెద్ద పండితులు వాదించుకోవలసిన ప్రశ్న అది.

పద్యం సంగతి ఇలా ఉంటే వచనంలో ఇంకో చిక్కు ఉంది. కథ సులభంగా ఉంటుంది కాబట్టి అర్థమైపోయిందనుకుంటారు. గురజాడ అప్పారావుగారి "దిద్దుబాటు" 1910లో "ఆంధ్రభారతి" పత్రికలో వచ్చింది. చిన్న కథ. సానివాళ్ళ పాట వింటూ రాత్రి పొద్దుపోయి ఇంటికొచ్చిన భర్తకి భార్య కనబడదు, ఉత్తరం కనబడుతుంది. పుట్టింటికి వెళ్ళిపోతున్నానని. అతను నౌకరు మీద విరుచుకుపడతాడు, బాధపడతాడు, పశ్చాత్తాపపడతాడు. కథ చివర మంచం కిందనుంచి గాజుల చప్పుడు వినబడుతుంది. అంతే. ఆమె ఎక్కడుంది, ఎప్పటినుంచి వింటున్నది, ఎందుకలా చేసింది అని అప్పారావుగారు విప్పి చెప్పరు. క్లాసులో సగంమంది ఆ గాజుల చప్పుడు దాటి వెళ్ళిపోతారు. మిగతా సగం నవ్వుతారు. నవ్విన వాళ్ళ చేత, నవ్వని వాళ్ళకి చెప్పించాలి. టీచరు చెప్పకూడదు. "ఒరే, ఆవిడ అక్కడే ఉందిరా" అని పక్కవాడు చెప్పినప్పుడు కలిగే ఆనందం వేరు. వెంటనే పుస్తకం తిప్పి మొదటినుంచి చదువుతారు. కథని రెండోసారి తమ ఇష్టంతో చదవడమంటే ఏమిటో చాలామంది పిల్లలకి అక్కడే తెలుస్తుంది. రచయిత చెప్పకుండా వదిలిన చోటు మనం నింపాలి, ఆ నింపడంలోనే సుఖముంది. సినిమాలో ఆ చోటు కెమెరాయే నింపేస్తుంది.

ఇక ఛందస్సు. మన పిల్లలకి తెలుగంటే విసుగు పుట్టించే పని ఏదైనా ఉంటే అది గణవిభజన అని నా అనుమానం. గురువు, లఘువు, భగణం, రగణం, యతిస్థానం ఎన్నో అక్షరం, అంతా ఆల్జీబ్రాలాగా నడుస్తుంది. చెవికి సంబంధించిన విద్యని కాగితం మీద గీతలు గీసి నేర్పితే ఇంకేమవుతుంది? ఉత్పలమాలనీ చంపకమాలనీ చప్పట్లు కొడుతూ పక్కపక్కన చదివిస్తే ఒక తమాషా తెలుస్తుంది. ఉత్పలమాల పాదంలో మొదటి గురువుని రెండు లఘువులు చేస్తే అదే చంపకమాల. అందుకే దానికి ఇరవై అక్షరాలు, దీనికి ఇరవై ఒకటి. శార్దూలానికీ మత్తేభానికీ కూడా అదే సంబంధం, పులి కాస్తా ఏనుగవుతుంది! ఇది పిల్లలు తమంతట తాము కనిపెట్టినప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. లెక్కల్లో చురుకైన పిల్లలు మరీ సంతోషిస్తారు.

అర్థం చేసుకోవడం కష్టమన్నది మన పిల్లలకే కాదు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఐ.ఏ. రిచర్డ్స్ అనే అధ్యాపకుడు కవుల పేర్లు చెప్పకుండా పదమూడు కవితలు విద్యార్థులకిచ్చి, తోచింది రాసి ఇమ్మన్నాడు. వాళ్ళు రాసినవాటిని 1929లో పుస్తకంగా వేశాడు. ఎంతో చదువుకున్న ఆ విద్యార్థులు కూడా కొన్ని కవితల్లో మామూలు అర్థమే పట్టుకోలేకపోయారు. పేరు తెలియకపోయేసరికి మంచిదాన్ని చెడ్డదన్నారు, చెడ్డదాన్ని మెచ్చుకున్నారు. మన దగ్గర వెయ్యేళ్ళ కిందట అభినవగుప్తుడు సహృదయుడంటే ఎవరో చెబుతూ, కావ్యాలు మళ్ళీ మళ్ళీ చదవడం వల్ల అద్దంలాగా శుభ్రపడిన మనసు కలవాడన్నాడు. అద్దం తుడిస్తేనే గదా మొహం కనబడేది. ఆ తుడవడం అభ్యాసం మీద వచ్చేది, పుట్టుకతో వచ్చేది కాదు. "మావాడికి తెలుగు ఎక్కదండీ" అనే తల్లులు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ప్రభుత్వం ఏమీ చెయ్యలేదని అనడానికి లేదు. 2014-15 ప్రాంతంలో పరీక్ష పద్ధతి మార్చినప్పుడు, చదవని పద్యం, చదవని పేరా ఇచ్చి ప్రశ్నలడగడం, సొంతమాటల్లో అభిప్రాయం రాయమనడం, సంభాషణో ఉత్తరమో కల్పించి రాయమనడం పెట్టారు. ఉద్దేశం చాలా మంచిది. కాని ఏడాది తిరక్కుండానే "సొంత అభిప్రాయాలు" అచ్చువేసిన గైడ్లు బజారులోకి వచ్చేశాయి! ఒక తరగతిలో నలభైమందికీ ఒకే సొంత అభిప్రాయం. దిద్దేవాళ్ళకి కూడా పని తేలిక. ఇలా దిద్దడం వల్ల వేరుగా ఆలోచించి తప్పో ఒప్పో తన మాట రాసిన పిల్లకి అయిదుకి మూడు వేసి, గైడు కంఠతా పట్టిన పిల్లకి అయిదు వేసిన సందర్భాలు నాకు తెలుసు. మూడు వచ్చిన పిల్ల తరువాతి పరీక్షకి తనూ గైడు కొంటుంది. కొనకేం చేస్తుంది?

ఇక్కడే ఇంట్లో ఉన్న మన వంతు వస్తుంది. "మేము పెద్దగా చదువుకోలేదండీ, కాశీఖండం మాకేం తెలుసు" అని మీరనవచ్చు. ఆ పాఠం మాటకే వస్తాను. కాశీలో ఇల్లాళ్ళు అతిథికి ఎలా అన్నం పెడతారో చెప్పే పద్యం ఒకటి అందులో ఉంది. గోమయంతో అలికి, ముగ్గు పెట్టి, అతిథిని కూర్చోబెట్టి, పూలూ గంధమూ ఇచ్చి వడ్డిస్తారు. నాలుగో అంతస్తులో పుట్టి పెరిగిన పిల్లకి వాకిలి అలకడమంటే ఏమిటో తెలియదు. నిఘంటువులో "అలుకుట" అని చూస్తే "పూయుట" అని ఉంటుంది. దాని వల్ల ఏం కనబడుతుంది? అదే మీరు మీ అమ్మమ్మగారింట్లో పండగనాడు వాకిట్లో కళ్ళాపి చల్లి, అరచేత్తో అర్ధచంద్రాకారంగా అలుకుతుంటే వచ్చే పచ్చి వాసన గురించి రెండు మాటలు చెబితే, ఆ పద్యం లేచి నిలబడుతుంది. తిరగలి, చేట, కవ్వం, ఉట్టి, మడి, దధ్యోదనం, ఎంగిలాకు - పాత పద్యాల్లో సగం మాటలు వంటింటివీ పెరటివీ. వాటికి గైడులో అర్థాలుంటాయి, మీ దగ్గర వస్తువులున్నాయి, లేదా వాటి జ్ఞాపకాలున్నాయి. తెలంగాణా పల్లెల్లో పెరిగిన తల్లులకి పాకాల యశోదారెడ్డిగారి కథల్లో మాటలు పంతులమ్మ చెప్పనక్కర లేకుండానే తెలుస్తాయి. ఆవిడ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసి కూడా, కథ రాస్తే ఊళ్ళో ఆడవాళ్ళ నోటి మాటే రాశారు. మీ పిల్ల ఆ పాఠం చదువుతుంటే "ఇదేం భాషమ్మా" అంటే, "మీ నానమ్మ భాషే" అని చెప్పండి.

సాయంత్రం మీరు కూర తరుగుతున్నప్పుడు పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని పాఠం పైకి చదవమనండి. అప్పజెప్పమనకండి, చదవమనండి. రెండింటికీ తేడా ఉంది. అప్పజెప్పేటప్పుడు మనం పోలీసులం, చదివేటప్పుడు శ్రోతలం. మధ్యలో తప్పు దిద్దకండి. అయిన తరువాత "దీంట్లో నీతి ఏమిటి?" అని మాత్రం దయచేసి అడగకండి! "నీకు ఎవరు నచ్చారు? ఎవరి మీద కోపం వచ్చింది?" అని అడగండి. పిల్ల "వ్యాసుడు నచ్చలేదు" అంటే "తప్పు, మహర్షిని అలా అనకూడదు" అనకండి. ఎందుకు నచ్చలేదో అడిగి, చెప్పేదాకా ఊరుకోండి. మగపిల్లలు అంత తొందరగా మాట్లాడరు, వాళ్ళకి ఒకటికి రెండు రోజులు పడుతుంది. పాఠ్యపుస్తకం కాని కథల పుస్తకం చేతిలో కనబడితే "పరీక్షలు పెట్టుకుని ఇదేమిటి" అని లాక్కోకండి. ఫోను చూసే గంటలో పావుగంట ఆ పుస్తకానికి వెళ్ళినా మనకి లాభమే.

ఇంటర్మీడియెట్‌లో రెండో భాష ఏది తీసుకోవాలన్నది మీ మీ ఇళ్ళలో మీరు నిర్ణయించుకునే విషయం. మార్కుల అవసరం నాకు తెలియనిది కాదు. అయితే అప్లికేషను నింపేముందు ఒక్కసారి పిల్లని అడగండి, కాలేజీ వాళ్ళనే కాదు.

అన్నట్టు, ఆ పాఠం అయిన తరువాత పిల్లలు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "భోజనమైన తరువాత ఏం జరిగింది టీచర్?" అని. పాఠంలో అది లేదు. భోజనమైతే పెట్టారు గాని, శివుడు వ్యాసుణ్ణి కాశీ విడిచి వెళ్ళిపొమ్మన్నాడు. అంత ఇష్టమైన ఊరు వదిలి ఆయన దక్షిణానికి ప్రయాణమై, గోదావరి సీమలో మన దాక్షారామానికి వచ్చాడు. ఆ కథ శ్రీనాథుడు భీమఖండంలో కూడా చెప్పాడు. తాత్పర్యంతో అచ్చయిన ప్రతి దొరికితే ఈ వేసవి సెలవుల్లో పిల్లలూ మీరూ కలిసి చదవండి. గోదావరి జిల్లాల వాళ్ళయితే పుస్తకం పట్టుకునే దాక్షారామం వెళ్ళి రావచ్చు.